ఏడు దిబ్బల అడ్డసరం

వాగు పేరు ఉప్పేరు. వేరే పేరు పెట్టి ఈ కథ చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు ఆ వాగు చూసిన పాపాన పోలేదు, వాళ్ళ మాట పట్టించుకోవద్దు.

ఉప్పేరుకు పడమటి గట్టున అడవి పందులు. తూర్పు గట్టున మేకలు, కోళ్ళు, ఒక గాడిద. నడుమ మోకాటి లోతు నీళ్ళు. ఉత్తరాన కొండ, కొండ మీద ఎలుగు పెద్దాయన. రెండు గట్ల తగువులూ ఆయనే తీరుస్తాడు. కొండ దాటి బస్తీకి పోయే దారి కూడా ఆయన గుహ ముందు నుంచే. ఆయన అడ్డం కూర్చుంటే ఒక్క బస్తా సరుకు అవతలికి పోదు. అందుకే ఆయన మాటంటే పందులకు కూడా భయం.

పందులది బొగ్గుల వ్యాపారం. సర్కారు తుమ్మ మొద్దులు గుట్టగా పేర్చి, పైన వరిగడ్డి కప్పి, తడి మట్టి మెత్తి, కింద నిప్పు పెడతారు. మట్టి పగిలిన చోటల్లా మళ్ళీ మట్టి మెత్తుతూ ఒకరు పగలంతా పక్కన కూర్చోవాలి. తెల్ల పొగ పోయి నీలం పొగ వచ్చేదాకా లేవకూడదు. లేచారా, బొగ్గు కాదు, బూడిద. అట్లాంటి బట్టీలు పడమటి గట్టున పన్నెండు. పందుల పెద్ద పేరు కోరయ్య. ఆయన తాత రెండుతో మొదలుపెట్టాడు, తండ్రి ఆరు చేశాడు, కోరయ్య పన్నెండు చేశాడు. పక్కన కూర్చుని మట్టి మెత్తే పని మాత్రం ముగ్గురిలో ఒక్కరు కూడా చెయ్యలేదు. అది తూర్పు గట్టు వాళ్ళ పని.

ఇక గాలి. ఎండాకాలం పొడుగునా అక్కడ పడమటి గాలి. పన్నెండు బట్టీల పొగ లేచినట్టే లేచి, వాగు దాటి, తిన్నగా తూర్పు గట్టు మీద దిగుతుంది. పందులకు తమ పొగ వాసనెట్లా ఉంటుందో కూడా తెలియదు. తూర్పు గట్టున కోడిగుడ్డు పెంకు బూడిద రంగులో ఉంటుంది.

గాడిద పేరు గురవయ్య. పొద్దున మొద్దులు మోస్తాడు, మధ్యాహ్నం బట్టీ పక్కన కూర్చుంటాడు, సాయంత్రం దగ్గుతాడు. ఆ ఏడు దగ్గు ముదిరింది. దగ్గితే నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి.

"మానెయ్యరా తమ్ముడూ ఆ పని," అంది ఓబులమ్మ. ముసలి మేక. గడ్డం తెల్లబడింది, కొమ్ము ఒకటి విరిగింది, జ్ఞాపకం మాత్రం చెక్కు చెదరలేదు.

"మానేస్తే ఏం తినాలక్కా? కూర్చుంటే దగ్గు, కూర్చోకపోతే ఆకలి. దగ్గుతో ఇంకొన్నాళ్ళు బతకొచ్చు."

"నీకంటూ ఒక పొయ్యి పెట్టుకో. చింతకాయలు ఉడకబెట్టి, చింతపులుసు కాచి బస్తీకి మోసుకుపో. ఒకరి కింద చెయ్యడం ఎందుకు?"

గురవయ్యకు ఆ మాట నచ్చింది. పాపం, కొండెక్కి ఎలుగు పెద్దాయన్ని అడిగాడు. తోడు ఓబులమ్మ పోయింది.

ఎలుగు పెద్దాయన అప్పటికే కోపంగా ఉన్నాడు. పొగకు కొండ మీద తేనెటీగలు పట్లు వదిలి పారిపోయాయి. నెల రోజులుగా ఆయన తేనె మొహం చూడలేదు.

"కొత్త పొయ్యా? కుదరదు," అన్నాడు. "ఆకాశం నిండిపోయింది."

"ఎవరు నింపారు పెద్దాయనా?" అంది ఓబులమ్మ.

ఎలుగు వీపు గోక్కున్నాడు. "ఎవరు నింపితే ఏం, నిండింది."

"మూడు తరాలవాళ్ళు మెక్కి విస్తరి ఖాళీ చేసి, నాలుగోవాడు వచ్చి కూర్చునేసరికి అన్నం అయిపోయిందంటే, వాడు ఎవరిని అడగాలి?"

"నాకు విస్తర్లు, లెక్కలు చెప్పకు ఓబులమ్మా. పాతవి పాతవే, వాటి జోలికి పోను. కొత్త నిప్పు వెలిగించాలంటే ఒకటే దారి. ఒక దిబ్బ పచ్చదనం నాశనం కాకుండా కాపాడామని చూపించాలి. ఒక దిబ్బకు ఒక నిప్పు. ఇది అందరికీ ఒకటే చట్టం."

అందరికీ ఒకటే చట్టం, సరే. గురవయ్యకు దిబ్బ ఎక్కడిది? వీపు మీద మొద్దు తప్ప వాడికి ఇంకేం లేదు. ఇద్దరూ కొండ దిగి వచ్చేశారు.

ఆ చట్టం మాట పడమటి గట్టుకు చేరడానికి ఒక పూట పట్టింది. కోరయ్య తల పట్టుకున్నాడు. పడమటి గట్టున తుమ్మ అంతా నరికి బొగ్గు చేసేశారు. మిగిలింది తూర్పు గట్టు తుమ్మే. అక్కడే ఏడు బట్టీలు పెట్టాలని ఆయన ఆలోచన. కొత్త బట్టీలకు చట్టం అడ్డం.

అప్పుడు పిలిపించారు నక్కను.

నక్క పేరు మాల్యాద్రి. ఈ గట్టూ కాదు, ఆ గట్టూ కాదు. బేరం ఎక్కడుంటే అక్కడ. ఒకప్పుడు మాంసం తిని బతికేవాడు, ఇప్పుడు మాట తిని బతుకుతున్నాడు. దాంట్లోనే ఎక్కువ లావయ్యాడు.

"ఏడు బట్టీలకు ఏడు దిబ్బలు. అంతేగా కోరయ్యగారూ?" అన్నాడు. "నాకొదిలెయ్యండి. తూర్పు గట్టున దిబ్బలకేం తక్కువ? మేకల నోరు కట్టేస్తే దిబ్బ మిగిలినట్టే. మిగిలిందంటే కాపాడినట్టే."

"మేకలు నోరు కట్టుకుంటాయా?"

"ఒక బుట్ట వేరుశనగ చెక్క చూపిస్తే మా అమ్మమ్మ కూడా నోరు కట్టుకుంటుంది."

మర్నాడు పొద్దున్నే వాగు దాటి వచ్చాడు, తోక తడవకుండా పైకెత్తి.

"ఓబులమ్మత్తా! బాగున్నావా?"

"ఎవరికిరా అత్త? నా చెల్లెలి కూతురు చిన్నమ్మిని తిన్నది నువ్వే కదా."

"అది ఎప్పటి మాట అత్తా! పాతదైపోయింది."

"నాకు ఇవ్వాళ పొద్దున్న జరిగినట్టే ఉంది. వచ్చిన పని చెప్పు."

నక్క చెప్పాడు. మేకలు ఏడు దిబ్బల మీద మేయకుండా ఉండాలి, అంతే. ఊరికే ఉన్నందుకు నెలకో బుట్ట వేరుశనగ చెక్క. దానికి బదులు కోరయ్యగారు తూర్పు గట్టున ఏడు బట్టీలు వెలిగించుకుంటారు.

అక్కడే ఉన్న కోడి సామ్రాజ్యం గట్టిగా అరిచింది. "ఏడా! ఇక్కడా! పన్నెండింటి పొగకే నా పిల్లలు తెల్లగా పుట్టి సాయంత్రానికి నల్లగా అవుతున్నారు. నాకే ఎవరి పిల్లలో తెలియడం లేదు!"

గురవయ్య దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా అందరూ ఆగాల్సొచ్చింది. ఇంకో ఏడు బట్టీలు పక్కన వస్తే వాడు వానలు చూడడని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాడికీ తెలుసు.

"ఒప్పుకోకపోతే?" అంది ఓబులమ్మ.

"కుందేళ్ళను అడుగుతా. వాళ్ళూ ఆకులు తినేవాళ్ళేగా? వాళ్ళు సరేనంటే బట్టీలు ఎట్లాగూ వస్తాయి, చెక్క మాత్రం మీకు రాదు. నేను మీ మంచి కోరి ముందు ఇక్కడికొచ్చా."

ఓబులమ్మ విరిగిన కొమ్ము రాయికి రుద్దుకుంది. తర్వాత అడిగింది, "ఏ దిబ్బలు కావాలి నీకు?"

"బాగా ఒత్తుగా, పచ్చగా, ఎలుగు పెద్దాయనకు కొండ మీంచి కనిపించేటట్టు ఉండాలి. నువ్వే చూపించు."

ఓబులమ్మ చూపించింది. వాగు వంపులో వరసగా ఏడు దిబ్బలు. నిండా ముదురాకుపచ్చ పొదలు, నిలువెత్తున, ఒక్క కొరుకుడు కూడా లేకుండా.

నక్క కళ్ళు మెరిశాయి. "ఆహా! ఏం పొదలు! ఏం చెట్టు ఇది?"

"అడ్డసరం."

"మీ మేకలు దీన్ని ముట్టకుండా ఉండగలవా?"

"మనసు గట్టి చేసుకుంటాం," అంది ఓబులమ్మ.

వెనకాల నిలబడ్డ మేకపోతు ఒకడు నవ్వబోయి దగ్గులోకి మార్చాడు. ఎందుకంటే అడ్డసరం ఆకును మేక తినదు. చేదు, వాసన. ఆకలేసినా తినదు, ఎండు గడ్డి కూడా దొరకని కరువులో కూడా తినదు. ఈ సంగతి మేకను మేపిన ఎవరికైనా తెలుసు. కానీ నక్క మేకను తిన్నాడే గానీ, మేక ఏం తింటుందో ఎన్నడూ చూడలేదు. పందులకు దుంపలు తెలుసు, ఎలుగుకు తేనె, చీమలు తెలుసు. ఆకు సంగతి ఆకు తినేవాళ్ళను అడగాలి. అడిగితేగా!

"నాలుగు రోజుల్లో పంచాయితీ బండ దగ్గర ఒప్పందం," అని నక్క వెళ్ళిపోయాడు, ఈసారి తోక తడిసినా పట్టించుకోకుండా, అంత సంతోషంగా.

"అక్కా, నన్ను అమ్మేశావు," అన్నాడు గురవయ్య.

"నోరు మూసుకుని గోనెసంచి తీసుకురా. ఒప్పందానికి ఇంకా నాలుగు రోజులుంది. అడ్డసరం దగ్గుకు మందు. మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ దానికి చెప్పింది. తినడానికి పనికిరాదు గానీ కాచి తాగడానికి పనికొస్తుంది."

నాలుగు రోజులు ఆకు కోశారు. నీడన ఆరబెట్టారు. పైపైన ముదురాకు మాత్రమే, దిబ్బ మీద కోసినట్టు కూడా తెలియకుండా. రెండు గోనెసంచులు నిండాయి. మూడు అని చెప్పేవాళ్ళున్నారు. రెండే.

ఒప్పందం రోజు రెండు గట్ల వాళ్ళూ పంచాయితీ బండ చుట్టూ చేరారు. నక్క ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు దిబ్బల మీద మేకలు నోరు పెట్టవు. అందుకు బదులుగా కోరయ్యగారు ఏడు కొత్త బట్టీలు..."

"ఆగరా," అంది ఓబులమ్మ. "మేకలే ఎందుకు? రేపు పందులొచ్చి కుమ్మేసి, మేకలు మేశాయంటే? కోడి వచ్చి గీరితే? నింద నేను మొయ్యను. ఎవ్వరూ ముట్టకూడదని పెట్టు."

కోరయ్య నవ్వాడు. "మేం ఆకులు తినం లేవమ్మా."

"తినకపోతే మరీ మంచిది. పెడితే పోయేదేముంది?"

నక్క నవ్వాడు. ఎలుగు పెద్దాయనకు కూడా ఆ మాట బాగా నచ్చింది, చట్టాలు గట్టిగా ఉంటే ఆయనకిష్టం. లేచి నిలబడి తన నోటితో చెప్పాడు. "ఏడు దిబ్బల మీద ఆకు గానీ, కొమ్మ గానీ, చిగురు గానీ ఎవ్వరూ ముట్టకూడదు. మేక కాదు, పంది కాదు, నేను కూడా కాదు. ఒక దిబ్బ మీద చెయ్యి పడితే, ఆ దిబ్బకు వెలిగిన బట్టీ ఆ రోజే ఆరిపోవాలి. ఆర్పకపోతే నా దారిన ఒక్క బొగ్గు ముక్క కూడా కదలదు."

"ఇంకొకటి పెద్దాయనా," అన్నాడు నక్క, తన తెలివి చూపించాలి గదా. "ఊరికే మాట చాలదు. దిబ్బలకు కాపలా కూడా తూర్పు గట్టు వాళ్ళదే. తెల్లారిన దగ్గర్నించి పొద్దు గుంకేదాకా. మేకలు, కోళ్ళు, గాడిద కూడా. చెక్క ఊరికే తింటారా?"

"గాడిద కూడానా?" అంది ఓబులమ్మ, బాధ పడ్డట్టు.

"గాడిద కూడా!"

"సరే మరి, పెద్దలు చెప్పాక కాదంటామా?"

ఆ తెలివి ఎంత తెలివో మూడో రోజుకు తెలిసింది. ఏడు బట్టీలు పేర్చారు, మట్టి మెత్తారు, నిప్పు పెట్టారు. మట్టి పగిలింది.

"గురవయ్యా!" అని కేకేశాడు కోరయ్య. "రా, పగులు మెత్తు!"

"నేను కాపలాలో ఉన్నా దొరా," అన్నాడు గురవయ్య ఆరో దిబ్బ నీడలోంచి. "మాల్యాద్రిగారి ఆజ్ఞ."

"మేకల్లో ఎవరన్నా రండి!"

"కాపలా దొరా!"

"కోడీ!"

"నేనా? నేను మూడో దిబ్బ అధికారిని," అంది సామ్రాజ్యం, మెడ నిటారుగా పెట్టి.

పాత పన్నెండు బట్టీల దగ్గరా ఎవరూ లేరు. అందరూ దిబ్బల కాపలాకే. వదిలేస్తే పందొమ్మిది బట్టీలూ బూడిదే. చేసేది లేక పందులే కూర్చున్నాయి. ముప్పై రెండు పందులు. పుట్టినప్పటి నుంచి మొదటిసారి తమ బట్టీ పక్కన తామే కూర్చుని మట్టి మెత్తాయి. కోరయ్య ఏడు కొత్త బట్టీల నడుమ కూర్చున్నాడు. పైనుంచి పడమటి గాలి పాత పన్నెండింటి పొగ తెచ్చి ఆయన నెత్తిన పోసింది, కింద నుంచి ఏడింటి పొగ లేచి ఆయన ముక్కులో దూరింది.

"ఏంటిది?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. "ఈ వాసన ఏంటి?"

"పొగ నాయనా," అన్నాయి పక్క పందులు.

"మన పొగా?"

"మనదే."

"ఇంత గబ్బుగా ఉంటుందా!"

వారం దాటకముందే ముప్పై రెండు పందులూ దగ్గు మొదలుపెట్టాయి. పంది దగ్గు ఎట్లా ఉంటుందో విన్నారా? వినకపోతే అదృష్టవంతులు. వాగు రెండు గట్లూ అదిరేవి. ఇటు గురవయ్య రోజూ మూడు పూటలా అడ్డసరం కషాయం తాగుతున్నాడు, బట్టీ దగ్గర కూర్చోవడం లేదు. దగ్గు తగ్గుముఖం పట్టింది. మెతుకు సయిస్తోంది. ఒకసారి పాట కూడా పాడాడు, అందరూ వద్దన్నాక ఆపాడు.

అప్పుడు ఓబులమ్మ సామ్రాజ్యాన్ని పక్కకు పిలిచింది.

"నీకొక రహస్యం చెబుతాను. ప్రాణం పోయినా ఎవరితోనూ అనకూడదు."

"నాకు తెలియదా వదినా! నా నోరు..."

"నీ నోరు సంగతి నాకు బాగా తెలుసు. అందుకే నీకు చెబుతున్నా. గురవయ్య దగ్గు తగ్గింది అడ్డసరం కషాయంతో. ఆ ఆకు ఆ ఏడు దిబ్బల మీద తప్ప ఇంకెక్కడా లేదు. ముఖ్యంగా పందులకు తెలియకూడదు."

సామ్రాజ్యం ఒట్టేసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ రహస్యం కోరయ్య చెవిలో ఉంది. కోడి మాత్రం ఏం చేస్తుంది, కడుపు ఉబ్బిపోతుంటే?

కోరయ్య నక్కను పిలిపించాడు. నాలుగు మాటలకు మధ్య ఎనిమిదిసార్లు దగ్గాడు. "ఆ ఆకు తీసుకురా."

నక్క మొహం పాలిపోయింది. "ఆ ఆకా? అది ముట్టకూడదండీ. ఒక దిబ్బ ముడితే ఒక బట్టీ ఆర్పాలి. ఒప్పందం!"

"ఒప్పందం ఎవరు చేశారు?"

"మీరే."

"చేయించింది ఎవరు?"

నక్క వాగు దాటి పరుగున ఓబులమ్మ దగ్గరికి పోయాడు.

"అత్తా, నీ దగ్గర ఎండుటాకు రెండు సంచులుందట. ఒక సంచి ఇవ్వు. నెలకు పది బుట్టల చెక్క ఇప్పిస్తా."

"అది ఆకు కాదురా, గురవయ్య ఊపిరి. అమ్మేది కాదు."

"సగం సంచి!"

"చిన్నమ్మి కూడా సగమే తినమని నిన్ను అడిగిందా?"

నక్క తిరిగి వెళ్ళేసరికి కోరయ్య వాగులో ఉన్నాడు. వెనక ముప్పై ఒక్క పందులు. ఎండ నడినెత్తిన ఉంది, కొండ మీద ఎలుగు పెద్దాయన కూర్చుని చూస్తున్నాడు, తూర్పు గట్టంతా దిబ్బల మీద నిలబడి చూస్తోంది. నక్క నీళ్ళలోకి దూకి కోరయ్య ముందు అడ్డం నిలబడ్డాడు.

"అయ్యా! ఒక్క ఆకు కూడా వద్దు! ఇన్నాళ్ళ కష్టం! నా పరువు!"

"పక్కకు తప్పుకో."

"ఇంకొన్ని రోజులు ఓర్చుకోండి, అలవాటైపోతుంది! వీళ్ళందరికీ అలవాటు కాలేదా?"

ఆ మాటకు కోరయ్య ఆగాడు. దగ్గాడు. గట్టు మీదున్న గురవయ్య వంక చూశాడు. గురవయ్య కూడా చూశాడు. తర్వాత కోరయ్య మూతితో ఒక్క తోపు తోశాడు. నక్క బోర్లా పడి, ఈసారి తోకే కాదు, చెవుల దాకా తడిశాడు.

మొదటి దిబ్బ మీద ఆకు ఆ రోజు ముప్పై రెండు పందుల కషాయానికి సరిపోయింది. ఆ సాయంత్రం మొదటి బట్టీ మీద నీళ్ళు పోశారు. మర్నాడు దగ్గు కొంచెం తగ్గింది. కొంచెమే. రెండో దిబ్బ, రెండో బట్టీ. మూడో రోజు మూడోది. సామ్రాజ్యం తన దిబ్బ పోయినందుకు ఒక పూట అన్నం మానేసింది. రోజుకో దిబ్బ బోసిపోయింది, రోజుకో బట్టీ చల్లారింది. రోజుకో ఉత్తరం తెచ్చినట్టు నక్క వచ్చి "ఇంతటితో ఆపండి" అనేవాడు. రోజూ ఎవరో ఒక పంది వాడి మీద దగ్గేది.

ఏడో రోజు ఏడో బట్టీ ఆరింది. ఆ సాయంత్రం కోరయ్య గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చాడు. రాలేదు.

"ఆకు మహిమ!" అన్నాడు.

"ఆకు మహిమో, ఆర్పిన బట్టీల మహిమో?" అంది ఓబులమ్మ.

ఆ సంగతి ఇప్పటిదాకా తేలలేదు. తేల్చడానికి మళ్ళీ ఏడు బట్టీలు వెలిగించి చూడమని సామ్రాజ్యం సలహా ఇచ్చింది. కోరయ్య ఒప్పుకోలేదు.

అప్పుడు ఎలుగు పెద్దాయన కొండ దిగొచ్చాడు. అందరూ బండ దగ్గర చేరారు.

"ఏడు నిప్పులు ఆరాయి," అన్నాడు. "ఆకాశంలో ఏడు చోట్లు ఖాళీ అయ్యాయి. ఎవరికివ్వాలి?"

కోరయ్య గొంతు సవరించుకోబోయాడు. ఎలుగు చెయ్యెత్తి ఆపాడు.

"ఇంతవరకూ ఒక్క నిప్పు కూడా వెలిగించని వాడెవడు?"

అందరూ గురవయ్య వంక చూశారు. గురవయ్య తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వేరా," అంది ఓబులమ్మ.

మిగతా ఆరు చోట్లు ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశాడు ఎలుగు. తేనెటీగలకట. అది ఆయన స్వార్థం, అయినా మంచి స్వార్థమే. ఇంకో మాట కూడా పెట్టాడు: ఇకమీదట ఎవరి బట్టీ పక్కన వాళ్ళు కూడా ఒక పూట కూర్చోవాలి. పెద్ద పంది అయినా సరే. దాంతో పాత పన్నెండు బట్టీలు ఆ ఏడాది ఎనిమిదయ్యాయి. పన్నెండూ ఆరిపోయాయని చెబితే కథ తియ్యగా ఉంటుంది, కానీ ఆరలేదు. ఎనిమిది ఉన్నాయి. ఓబులమ్మ రోజూ పొద్దున వాగు ఒడ్డున నిలబడి ఆ ఎనిమిదింటి వంక చూస్తుంది. ఆ చూపు కోరయ్యకు నచ్చదు.

మరి నక్క? ఏడు రోజులు ముప్పై రెండు పందుల దగ్గు మీద పడితే ఎవరు బాగుంటారు? పదో రోజుకు వాడికీ దగ్గు పట్టింది. బోసి దిబ్బలకు చిగుళ్ళు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఓబులమ్మ గుమ్మం ముందు వచ్చి నిలబడ్డాడు, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని.

"అత్తా... కొంచెం ఆకు."

ఓబులమ్మ సంచి అడుగున మిగిలిన ఎండుటాకు గుప్పెడు తీసి వాడి ముందు పడేసింది.

"కషాయం కాచివ్వవా?"

"నీకు కాచివ్వను. నమిలి తిను."

నక్క నమిలాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుక బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోవడానికి భయపడింది.

"థూ! ఇంత చేదా! మీ మేకలు ఇది ఎట్లా తింటాయి అత్తా?"

"ఎవరు చెప్పారు తింటాయని? మా తాతల నాటి నుంచి ఒక్క మేక కూడా ఈ ఆకు కొరకలేదు."

నక్క నోట్లో ఆకు అట్లాగే ఉండిపోయింది. "అయితే... ఒప్పందం లేకపోయినా మీరు వాటిని ముట్టేవాళ్ళు కాదా?"

"కాదు."

"నేను ఇన్నాళ్ళూ దేనికి కాపలా పెట్టాను?"

"నాకేం తెలుసు? చెక్క మాత్రం బాగుంది."

"ముందే చెప్పొచ్చు కదా అత్తా!"

"నువ్వు అడిగింది ఏ దిబ్బ పచ్చగా ఉందని. చూపించాను. అడిగింది ముట్టకుండా ఉండగలరా అని. ఉంటామన్నాను. తింటారా అని అడిగావా?"

నక్క మింగాడు. మింగక తప్పదు, దగ్గు అట్లా ఉంది. వాగు దాటి పోతుంటే వాడికి తూర్పు గట్టున సన్నగా ఒకే ఒక్క పొగ కనిపించింది. గురవయ్య చింతపులుసు కాస్తున్నాడు. పాట పాడుకుంటూ. ఈసారి ఎవరూ ఆపలేదు.

పీల్చేవాణ్ణి అడగకుండా పొగకు బేరం కుదిర్చినవాడు, ఆ బేరాన్ని చివరికి తన నోటితోనే నమలాల్సొస్తుంది.